దవాఖానాలో అడుగవలసిన ప్రశ్న

ఈ పత్రికను చదువు విద్యార్థులలో పలువురు ఒక విద్యను ఏ ఉపాధ్యాయుడును నేర్పకుండగనే నేర్చుకొన్నారు. ఇంట చిన్న తమ్మునికో చెల్లెలికో జబ్బు చేసినపుడు అమ్మ వెంట నాందేడు దవాఖానాకు పోవుట, అచట వైద్యుడు మరాఠీలో అడిగినదానిని అమ్మకు తెలుగున చెప్పుట, అమ్మ తెలుగున చెప్పినదానిని వైద్యునికి మరాఠీలో అప్పగించుట. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వటు తాలూకాల తెలుగు కుటుంబములలో ఈ దుబాసీ పని తరచుగా బడికి పోవు పిల్లల పాలనే పడుచుండును. జ్వరము ఎన్నాళ్ల నుండి? వాంతులైనవా? విరేచనములెన్ని? ఈ ప్రశ్నలకు జవాబు తెచ్చి ఇచ్చుట కష్టము కాదు. కాని వైద్యుడు మరియొక ప్రశ్న కూడ అడిగినాడనుకొందము: "రాత్రి ఈ బిడ్డ ఏమి తిన్నది? ఇంట తినుటకు సరిపడ ఉన్నదా?" ఆ మాటను పదుమూడేండ్ల కొడుకు తన తల్లినే అడుగవలె. తల్లి ఏమని చెప్పును?

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ ఒక్క ప్రశ్నను గూర్చియే. ఇతర దేశములలో బాలవైద్యులు కొందరు కొన్ని యేండ్లుగా దానిని అడుగుచున్నారు. అత్యవసర విభాగమున, అనగా మన వాడుకలో క్యాజువాలిటీలో కూడ అడుగవలెనని వారి వాదము. ప్రాణము మీదికి వచ్చిన వేళ ఇంటి గింజల లెక్క ఎందుకని మన పెద్దలు విసుగుకొనవచ్చును. అట్టివారికి మేము ముందుగా ముజఫర్‌పూరు సంగతి చెప్పుదుము.

బీహారు రాష్ట్రమున ముజఫర్‌పూరు జిల్లా లీచీ పండ్లకు పేరు పొందినది. 1995 నుండి అచట పండ్లు పండు వేసవి దినములలో ఒక వింత జబ్బు కనబడజొచ్చెను. సాయంకాలము వరకు ఆడుకొనిన పిల్లలు తెల్లవారుజామున మూర్ఛలతో మేల్కొనెడివారు. స్పృహ తప్పెడిది. పెక్కుమంది కొలది గంటలలోనే చనిపోయెడివారు. మెదడు వాపని కొందరు, వడదెబ్బ అని కొందరు, పురుగుమందని కొందరు అనిరి. వెల్లూరుకు చెందిన టి. జేకబ్ జాన్ వంటి శాస్త్రజ్ఞులు పండులోని విషమును అనుమానించిరి. 2014లో భారత ప్రభుత్వపు జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమును, అమెరికా దేశపు వ్యాధి నియంత్రణ సంస్థయు కలిసి పరిశోధన సాగించెను. ఆ యేట మే 26 మొదలు జూలై 17 లోపల రెండు దవాఖానాలలో 390 మంది పిల్లలు చేరగా వారిలో 122 మంది మరణించిరి.

పరిశోధకులు జబ్బుపడిన పిల్లల ఇండ్లలోను, జబ్బుపడని పిల్లల ఇండ్లలోను ఒకే విధమైన ప్రశ్నలు వేసిరి. వానిలో ఒకటి మన ప్రశ్నయే: నిన్న రాత్రి బిడ్డ అన్నము తిన్నదా? 2017లో ప్రకటింపబడిన ఫలితము ఇట్లున్నది. లీచీ పండులో సహజముగనే రెండు విషపదార్థములు కలవు. దేహము కొవ్వును కరగించి శక్తిని పొందు మార్గమును, కొత్తగా గ్లూకోజును తయారుచేసికొను మార్గమును అవి అడ్డగించును. కడుపునిండ తిని పండుకొనిన బిడ్డకు కాలేయములో నిలువ యున్న చక్కెర రాత్రిని గడపుటకు చాలును. ఆ మార్గముల అవసరము అంతగా కలుగదు. బక్కచిక్కిన బిడ్డకు ఆ నిలువయే స్వల్పము. పగలంతయు తోటలో రాలిన పండ్లు తిని, రాత్రి అన్నము లేక నిద్రించినచో తెల్లవారులోపల నిలువ అయిపోవును, కొత్త చక్కెర తయారు కాదు, రక్తములో గ్లూకోజు పడిపోవును, మెదడు ఆరిపోవు దీపమువలె కొట్టుకొనును. పిల్లలకు సాయంకాలము తప్పక భోజనము పెట్టవలెననియు, మూర్ఛతో వచ్చిన బిడ్డకు వెంటనే గ్లూకోజు పరీక్షించి ఎక్కింపవలెననియు పరిశోధకులు చెప్పిరి. అయినను 2019లో మరల అదే ప్రాంతమున నూరుమందికి పైగా పిల్లలు పోయిరి.

మన జిల్లాలో లీచీ తోటలు లేవు. కాని రాత్రి అన్నము తినక పండుకొను బిడ్డలు లేరని ఎవరు చెప్పగలరు?

కొరత గల ఇంటి బిడ్డకు వచ్చిన జబ్బు, నిండు ఇంటి బిడ్డకు వచ్చిన జబ్బువలె కనబడదు. మిక్కిలి చిక్కిపోయిన పసివానికి ఒంట విషజ్వరమంతటి రోగమున్నను ఒళ్లు కాలకపోవచ్చును, పైపెచ్చు చల్లబడును. అతిసారముతో వచ్చినవానికి అందరికివలె వడివడిగా సెలైను ఎక్కించినచో బలహీనమైన గుండె తట్టుకొనలేకపోవచ్చును. పాలు కొన శక్తి లేని తల్లి ఉన్న పాలలో నీరు పోసి, మరల నీరు పోసి పసిబిడ్డకు త్రాగించును. నీరు మితిమీరినచో రక్తములో ఉప్పు పలుచబడి బిడ్డకు మూర్ఛ వచ్చును. చక్కెర వ్యాధి గల బాలుడు ఇన్సులిన్ సూది వేసికొని, పిమ్మట తినుటకు ఏమియు లేక స్పృహ తప్పి రావచ్చును. "అన్నము తిన్న తరువాత" అని వ్రాసిన మాత్రను, అన్నమే లేనందున వేయక దాచిపెట్టిన తల్లి ఉండవచ్చును. ఈ సంగతులలో ఏదియు గొట్టము పెట్టి గుండె విన్నంత మాత్రమున తెలియదు. అడిగిన తెలియును.

అట్లయిన త్రాసు లేదా? కొలతపట్టీ లేదా? కలవు, వాని వలన మేలును కలుగుచున్నది. అంగన్‌వాడీలో పిల్లల జబ్బకు చుట్టి చూచు మూడు రంగుల పట్టీని మీరు చూచియే యుందురు. బాగ్దాదు నగరపు బాలవైద్యుడు షకీరు, ఇంగ్లండు దేశపు వైద్యుడు డేవిడ్ మార్లే 1970ల దశకమున దానిని ప్రచారములోనికి తెచ్చిరి. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో అది తీవ్రమైన క్షీణత, 12.5కు తక్కువైనచో మధ్యరకము. చదువురాని వారును రంగు చూచి చెప్పగలరు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మహారాష్ట్రమున అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 25.6 మంది ఎత్తుకు తగిన బరువు లేనివారు, 35.2 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారు. దేశము మొత్తముమీద మొదటి లెక్క 19.3. సంపన్న రాష్ట్రమని పేరుగన్న మన రాష్ట్రము ఈ విషయమున దేశపు సగటు కంటె వెనుకబడి యుండుట చదువరులు గమనింతురు గాక.

కాని పట్టీ చెప్పునది జరిగిపోయిన సంగతి. జబ్బ సన్నబడుటకు వారములు, నెలలు పట్టును. దానికి ముందు ఇంటిలో ఎంత జరుగును! మొదట కూరగాయలు పోవును, పిదప పప్పు పలుచనగును, పిదప తల్లి ఒక పూట మానుకొనును. రొట్టె ముక్క పిల్లల చేతికే ఇచ్చి తాను గంజి త్రాగి పండుకొనును. ఇంత జరుగుచున్నను బిడ్డ తూకము చెడకపోవచ్చును. ఏలనన తల్లి తన తూకమును ఇచ్చి బిడ్డ తూకమును నిలుపుచున్నది. ఆ దశలో కనుగొనుటకు త్రాసు లేదు. ఉన్న సాధనము నోరే.

ఆ సాధనమును శాస్త్రీయముగా రూపొందించిన చరిత్ర చిన్నదే. అమెరికా ప్రభుత్వము 1995లో కుటుంబముల ఆహారపు కొరతను కొలుచుటకు ఒక పెద్ద సర్వే మొదలుపెట్టెను. పిల్లలున్న ఇంటికి దానిలో 18 ప్రశ్నలు. పదునెనిమిది ప్రశ్నలడుగుటకు వైద్యునికి తీరిక యెక్కడిది? 2010లో ఎరిన్ హేగర్ అను పరిశోధకురాలును ఆమె తోడివారును సుమారు 30 వేల కుటుంబముల జవాబులను పరిశీలించి, మొదటి రెండు ప్రశ్నలే చాలునని చూపిరి. గడచిన పన్నెండు నెలలలో, తిరిగి కొనుటకు డబ్బు చేతికి రాకముందే ఇంటి ఆహారము అయిపోవునేమో అని దిగులుపడినారా? ఇది మొదటిది. కొన్నది చాలక, మరల కొనుటకు డబ్బు లేకపోయినదా? ఇది రెండవది. తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడును లేదు: ఈ మూడింటిలో ఒకటి జవాబు. ఏ ఒక్క ప్రశ్నకు "అప్పుడప్పుడు" అనినను ఆ ఇంట కొరత కలదని భావింతురు. పెద్ద ప్రశ్నావళి కనుగొనిన కొరత కుటుంబములలో నూటికి 97ను ఈ రెండు ప్రశ్నలే పట్టుకొన్నవి. కొరత లేని ఇండ్లలో నూటికి 83ను సరిగా వదలినవి. 2015లో ఆ దేశపు బాలవైద్యుల సంఘము తమ సభ్యులందరు బిడ్డలను చూచునపుడు ఈ ప్రశ్నలు వేయవలెనని సలహా యిచ్చెను. నిత్యము చూచు వైద్యుడంటూ లేని పేద కుటుంబము దవాఖానా గడప త్రొక్కునది అపాయవేళనే కదా. కావున ఆ ప్రశ్నలను క్యాజువాలిటీకి కూడ తీసికొనిపోయిరి.

ఈ పద్ధతిని పొగడువారే కాక శంకించువారును కలరు. 2025 మార్చిలో అమెరికాలోని నివారణ సేవల నిపుణుల సంఘము, వైద్యశాలలో ఇట్లు అడుగుట వలన మేలెంత, కీడెంత అని తేల్చుటకు తగిన సాక్ష్యము ఇంకను లేదని ప్రకటించెను. మాకు ఈ మాట న్యాయముగనే తోచుచున్నది. అడిగి ఊరకుండుట అడుగకుండుట కంటె హీనము. తల్లి సిగ్గు విడిచి చెప్పిన మాటకు "అయ్యో" అను జవాబు మాత్రమే వచ్చినచో ఆమె మరల ఎన్నడును నోరు విప్పదు. మన దవాఖానాలలో ఈ ప్రశ్న అడుగవలెనన్నచో, జవాబు విన్న పిమ్మట ఎక్కడికి పంపవలెనో ముందే తెలిసి యుండవలె.

పంపుటకు చోట్లు లేకపోలేదు. తీవ్రముగా క్షీణించిన బిడ్డకు పోషకాహార పునరావాస కేంద్రము కలదు. బిడ్డను తల్లితో కూడ సుమారు రెండు వారములు అచట ఉంచుకొని, రెండు మూడు గంటల కొకసారి కొలిచిన ఆహారము పెట్టుదురు. కూలి పోవునను భయముతో తల్లులు మధ్యలోనే వెడలిపోవుదురని ఎరిగి, పోయిన కూలికి బదులు కొంత సొమ్ము ఇచ్చు ఏర్పాటును నిబంధనలలోనే చేర్చిరి. ఆరేండ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు 1975లో ఆరంభమైన పథకము క్రింద అంగన్‌వాడీ కలదు. కిన్వటు వంటి గిరిజన ప్రాంతములలో గర్భిణులకు, బాలింతలకు వేడి భోజనము పెట్టు అమృత ఆహార పథకము కలదు. 2013 ఆహార భద్రతా చట్టము ప్రకారము కంట్రోలు దుకాణమున మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డు గల ఇంటికి 35 కిలోలు ధాన్యము రావలెను. 2023 జనవరి నుండి దానికి వెల లేదు. ఎనిమిదవ తరగతి వరకు బడిలో మధ్యాహ్న భోజనము కలదు. తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు అది లేదు. ఉదయము ఏమియు తినక వచ్చి మూడవ గంటలో కడుపునొప్పి అని తల వాల్చు పిల్లలను ఉపాధ్యాయులమైన మేము ఎరుగుదుము. నాందేడు నగరమున హుజూర్ సాహెబు గురుద్వారా లంగరు పంక్తిలో కూర్చున్నవానిని నీవెవరవని అడుగరు. ఊరి దవాఖానాలో బిడ్డను చేర్పించి బయట కూర్చున్న తల్లికి ఆ సంగతి చెప్పువారుండవలె గదా!

ఇన్ని యుండగా కొరత ఎందుకని అడుగుదురేమో. దీపావళి దాటిన పిమ్మట మరాఠ్వాడా నుండి ఎందరు చెరకు నరుకుటకు పోవుదురో తెలిసినదే. ముకద్దము ముందుగా ఇచ్చిన సొమ్మునకు ఆలుమగలిద్దరిని కలిపి ఒక కొడవలిగా లెక్కింతురు. వారి వెంట పోయిన బిడ్డ పేరు ఊరి అంగన్‌వాడీ పుస్తకములో నుండును, బిడ్డ మాత్రము చెరకు తోటలో నుండును. నిజామాబాదు వైపు కూలికి పోవువారి సంగతియు ఇట్టిదే. ఒక రాష్ట్రపు కార్డుతో మరియొక రాష్ట్రమున ధాన్యము తీసికొను వీలు 2019 ఆగస్టులో ప్రయోగముగా మొదలైనది; 2020 జనవరి నాటికి మహారాష్ట్రము, తెలంగాణము రెండును ఆ ఏర్పాటులో చేరినవి. బిలోలి కార్డు గలవాడు బోధనులో గింజలు తెచ్చుకొనవచ్చునని ఎందరికి తెలియును? దవాఖానాలో ఆ ఒక్క మాట చెప్పినను అది మందు చీటీకి తక్కువైనది కాదు.

వైద్యుల సలహా విషయమై ఒక మాట చెప్పవలసి యున్నది. చిక్కిన బిడ్డను చూచి "గ్రుడ్లు, పాలు, పండ్లు పెట్టుము" అని చెప్పుట పరిపాటి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో కొలత్తూరు గోపాలన్‌ గారును వారి సహచరులును 1973లో ఒక పరిశోధనను ప్రకటించిరి. హైదరాబాదు పరిసర గ్రామములలోని చిన్న పిల్లలకు దినమునకు 310 కేలరీల శక్తియు, 3 గ్రాముల మాంసకృత్తులు మాత్రమే గల చిరుతిండిని పదునాలుగు నెలలు పెట్టి చూచిరి. ప్రత్యేకమైన మాంసకృత్తుల పొడులేవియు లేకయే పిల్లలు ఎదిగిరి. వారికి కొరవడినది కడుపునకు చాలినంత తిండియే. ఇంట జొన్నలు నిండుకొన్న తల్లికి పండ్ల పేర్లు చదివినచో ఆమె తలయూపి వెడలిపోవును.

ఇక మొదటి సంగతికి వత్తుము. ప్రశ్న మంచిదే, దానిని ఏ భాషలో, ఎవరి నోట అడుగవలె?

నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని జిల్లా. సరిహద్దు గీత మారినది గాని తల్లుల భాష మారలేదు. పుస్తకములలో "ఆహార అభద్రత" అను మాట కలదు. ఆ మాట ఏ తల్లికి తెలియును? "ఆహార భద్రత ఉన్నదా" అని అడిగినచో సరిహద్దునకు ఆవలి చుట్టములు గల తల్లి కార్డును గూర్చి అడిగినారనుకొనును. తెలంగాణమున రేషను కార్డునకే ఆహార భద్రతా కార్డని పేరు. "మీ ఇంట తినుటకు లేదా?" అనునది ప్రశ్నవలె గాక నిందవలె వినబడును. దానికి ఏ తల్లి యైనను "ఉన్నది" అనియే చెప్పును. మన వైపు తెలుగున అడుగవలెనన్నచో ఇట్లడుగవలె నని మాకు తోచినది: "అక్కా, శానా ఇండ్లల్ల ఉన్నదే అడుగుతున్న. ఇంట్ల గింజలు ఒడుస్తయేమో, మల్ల కొననీకి పైసలుంటయో ఉండవో అని ఈ ఏడాదిల ఎప్పుడన్న రంది పడ్డరా?" వ్యాకరణము మాటకేమి గాని, "రంది" అను నా ఒక్క మాట ఎన్నో గ్రంథపదములు చేయలేని పని చేయును. "శానా ఇండ్లల్ల" అని మొదట అనుటలో కిటుకు కలదు. ఇది నా యొక్కదాని సిగ్గు కాదని ఆమె గ్రహించును.

నోటి విషయమునకు వచ్చినచో, ఫిలడెల్ఫియా నగరపు పిల్లల దవాఖానా అత్యవసర విభాగమున జరిపి 2019లో ప్రకటించిన ఒక ప్రయోగము కలదు. కొందరు తల్లిదండ్రులను నోట అడిగిరి. కొందరికి పలకవంటి యంత్రము చేతికిచ్చి తామే గుర్తు పెట్టుడనిరి. చేతితో గుర్తు పెట్టినవారే ఎక్కువగా కొరతను తెలిపిరి. అపరిచితురాలైన నర్సు ముఖము చూచి చెప్పుటయే అంత కష్టమైనచో, కన్నకొడుకు ముఖము చూచి తల్లి చెప్పగలదా? నేను రాత్రి తినలేదని, తండ్రి కూలి డబ్బు తేలేదని, నీ చెల్లెలి పాలలో నీరు కలిపితినని ఆమె కొడుకుతో చెప్పి, కొడుకు దానిని పదిమంది ఎదుట మరాఠీలో పలుకవలె. ఆమె చెప్పదు. చెప్పినను కొడుకు ఆ మాటను మింగి "సగ్ళం ఠీక్ ఆహే" అని వైద్యునితో అనును. వానిని తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు. కాని అచట ఒక వ్యాధిలక్షణము మరుగుపడినది.

కాబట్టి ఈ పత్రికను చదువు దుబాసీలకు మేము చెప్పునది స్వల్పము. జ్వరము, దగ్గు, విరేచనములను మీరే చెప్పుడు. మీరు బాగుగనే చెప్పుదురు. తిండి మాట వచ్చినపుడు "ఇది మా అమ్మను తెలుగు వచ్చిన అక్క ఎవరైన అడుగవలె" అని వైద్యునితో మరాఠీలో చెప్పి, నర్సులలోనో ఆయాలలోనో అట్టి యామెను వెదకి తెచ్చి, నీళ్లు తెచ్చెదనని చెప్పి కొంతసేపు బయటికి పొండు. అట్టి యామె దొరకనిచో, ముందునాడు రాత్రి బిడ్డ తిన్నది తినలేదు అను ఒక్క సంగతిని మాత్రము ఉన్నదున్నట్లు చెప్పుడు. అది గ్లూకోజు పరీక్షకు సంబంధించినది, అందు సిగ్గునకు చోటు లేదు. దవాఖానావారు చేయదగినది ఇంకొకటి కలదు. అంగన్‌వాడీ, కంట్రోలు దుకాణము, పునరావాస కేంద్రము వివరములను మరాఠీ తెలుగు రెండింట ఒక కాగితమున వ్రాసి, జవాబు ఏదైనను, వచ్చిన ప్రతి తల్లి చేతిలో పెట్టవచ్చును. "లేదు" అని చెప్పిన తల్లియు దానిని మడచి కొంగున ముడివేసికొనిపోవును.